సన్న టైర్ల బండి

కారు నిన్నటిదాకా బావది. నిన్న సాయంత్రం నుంచి బావమరిదిది. ఇప్పుడు నడుపుతున్నదీ బావమరిదే. బావ అతని పక్కన, ఎడమ సీట్లో ఇరుక్కుని కూర్చున్నాడు. వెనక సీట్లో బావ భార్య, అంటే బావమరిదికి అక్క, శాలువా ముసుగేసుకుని ఒరిగింది. పెద్ద రోడ్డు ఎక్కి చాలాసేపయింది కానీ, బావకి మాత్రం ప్రాణం ప్రాణంలో లేదు.

"కొంచెం మెల్లిగా పోనీ చిన్నోడా."

"మెల్లిగానే పోతున్నాను బావా. ఇందాక పాల వ్యాను మనల్ని దాటేసి పోయింది, చూడలేదా?"

"పోనీ. దాని తొందర దానిది. మనకేం తొందర? మీ అమ్మ కంటి కట్టు విప్పేది మధ్యాహ్నం కదా."

"విప్పేది మధ్యాహ్నమే. ఇలా పోతే మనం చేరేది సాయంత్రం. కట్టు విప్పగానే మొట్టమొదట నా మొహం చూడాలని అమ్మ కోరిక. నర్సు మొహం చూసి సరిపెట్టుకోవాలా?"

"గుంట... చూడు, గుంట. ఎడమ పక్కన."

"గుంట కాదు బావా, నీడ."

"నీడలోనే గుంటలుండేది. నీళ్లు నిలిస్తే అడుగు తెలీదు, నీడ పడితే అంచు తెలీదు. మూడేళ్లు నడిపాను దీన్ని. నాకు తెలుసు."

"మీరు నడిపారా? మీరు దీన్ని చంటిపిల్లని ఉయ్యాల్లో ఊపినట్టు ఊపారు. మీ వీధిలో మిమ్మల్ని ఏమంటారో తెలుసా? సన్నటైరాయన."

"అననీ."

"స్పీడ్ బ్రేకర్ వస్తే అడ్డంగా తిప్పి, ఒక్కో చక్రం ఒక్కోసారి ఎక్కించేవారట. వెనకాల ఆటోలన్నీ హారన్లు కొట్టేవట. అక్కనైతే దిగి నడవమనేవారట కదా, బండి బరువు తగ్గుతుందని."

"ఒక్కసారి అన్నాను. ఆ ఒక్కసారీ మీ అక్క ఊరంతా చెప్పింది."

"వాన పడితే గొడుగేసుకుని కిందికి దిగి, కర్రతో నీళ్ల లోతు చూసేవారట."

"చూస్తే తప్పేముంది? నవ్వకు, రోడ్డు చూడు. ఒరే, మామూలు బండి టైరంటే లావుగా, మెత్తగా, దిండులా ఉంటుంది. గుంటలో పడ్డా ఆ దెబ్బ అదే మింగేస్తుంది. కడుపులో చల్ల కదలదు. దీని టైరు అలాక్కాదు. చక్రం చుట్టూ రబ్బరు పట్టీ చుట్టినట్టుంటుంది. దెబ్బ తగిలితే మింగడానికి దానిలో ఏముందని? లోపల నరాల్లాంటి దారాలు తెగుతాయి. తెగిన చోట గాలి తోసుకొచ్చి బొడిపె కడుతుంది."

"బొడిపె కడితే ఏమవుతుంది?"

"ఏమవుతుందీ... ఏముంది, మార్చుకోవాలి."

"మార్చకపోతే?"

"ముందు రోడ్డు చూడు."

"బావా, మార్చకపోతే ఏమవుతుందని అడుగుతున్నా."

"పేలుతుంది. ఇప్పుడా మాటలెందుకు, శుభమా అని పోతుంటే."

"మీరేగా మొదలుపెట్టారు. అదిసరే, ఇంత కష్టపడుతూ మూడేళ్లు ఎందుకు ఉంచుకున్నారు?"

"ఎందుకేమిటి. తెల్లారుజామున ఖాళీ రోడ్డు మీద ఒక్కసారి తొక్కి చూడు, నీకే తెలుస్తుంది. మలుపులో నేలని పట్టుకుని పోతుంది. నేనేమో ఆఫీసులో నోరెత్తని వాణ్ని. దీన్లో కూర్చుంటే మాత్రం... ఎందుకులే. ఇప్పుడు తొక్కమని చెప్పట్లేదు. తొక్కకు."

"అంత ఇష్టమైతే ఎందుకు అమ్మేశారు?"

"నువ్వే కదరా అడిగింది."

"నేను మూడేళ్లుగా అడుగుతున్నాను. అప్పుడంతా 'నా ప్రాణం పోయాకే' అన్నారు. పోయిన నెలలో ఉన్నట్టుండి ఎవరో బయటివాళ్లకి బేరం పెట్టారు. అక్క చెప్పకపోతే నాకు తెలిసేది కూడా కాదు."

"నడుం నొప్పి. ఈ సీట్లు చూడు, తొట్టెలో కూర్చున్నట్టు. బెల్టు పెట్టుకున్నామంటే వెనక్కి తిరిగి చూడటం కూడా కుదరదు. మీ అక్క నిద్రపోయిందా?"

"అద్దంలో శాలువా అంచే కనబడుతోంది. ఒరిగి పడుకుంది. ఏం, లేపమంటారా?"

"వద్దు వద్దు. పడుకోనీ. ఒరే, అదేమిటి, చప్పుడు వింటున్నావా?"

"ఏ చప్పుడు?"

"టప్ టప్ మని. లోపలెక్కడో."

"రోడ్డు గరుకుగా ఉంది బావా. సన్న టైర్లకి ఆ రొద ఉంటుందని మీరే చెప్పారు. మూడేళ్లు విన్న చప్పుడు ఇవాళ కొత్తగా వినిపిస్తోందా?"

"ముందు టీకొట్టు ఏదైనా ఉంటే ఆపు."

"ఇందాకే ఆగాం."

"మళ్లీ ఆగుదాం."

"ఇందాక ఆగినప్పుడు మీరు టీ తాగనేలేదు. వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నారు. ఏమిటంటే లేసు కట్టుకుంటున్నా అన్నారు."

"అవును, కట్టుకున్నాను."

"మీ కాళ్లకి చెప్పులున్నాయి బావా. ఇంకోటి అడగనా? బయల్దేరేటప్పుడు అక్క ఎడమ పక్క ఎక్కబోతే చెయ్యి పట్టి లాగి కుడి పక్క కూర్చోబెట్టారు. ఎందుకు?"

"ఎడమ పక్క ఎండ పడుతుందని."

"ఎండ కుడివైపే ఉంది. నా చెయ్యి మాడిపోతోంది ఇక్కడ."

"అప్పటికి మబ్బుగా ఉంది, తెలీలేదు. ఏమిట్రా ఈ ప్రశ్నలు, పోలీసు మాదిరి? స్పీడెందుకు పెంచుతున్నావు?"

"ఊరికే. మీరేగా చెప్పారు, తొక్కి చూస్తే తెలుస్తుందని."

"ఇప్పుడు కాదన్నాను. తగ్గించు. చిన్నోడా, నీకు దణ్ణం పెడతాను, తగ్గించు."

"తొంభై కూడా దాటలేదు. మీరు ఆ తలుపు పిడి అలా పట్టుకుంటే ఊడి చేతికొచ్చేట్టుంది."

"తగ్గించమంటుంటే."

"తగ్గిస్తాను. ముందు ఒక సంగతి వినండి. పొద్దున్నే గాలి కొట్టించడానికి మా ఊరి టైర్ల షాపుకి పోయాను. ఆయన చక్రాల చుట్టూ తిరిగి, ముందు ఎడమ టైరు దగ్గర ఆగాడు. 'ఇదెవరు తొడిగారండీ' అన్నాడు. ఏం, అన్నాను. 'ఈ రకం టైర్ల మీద ఏది బయటి పక్కో ఇంగ్లీషులో రాసి ఉంటుంది. మిగతా మూడింటికీ ఆ రాత బయటికే కనబడుతోంది. దీనికి కనబడట్లేదు. లోపలి వైపుకి పోయింది' అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, బెల్టు ఎందుకు తడుముకుంటున్నారు?"

"ఏమీ లేదు. బిగుతుగా ఉంది."

"తొడిగినవాడి పొరపాటా అని అడిగాను. ఆయన నవ్వాడు. 'పొరపాటైతే నాలుగూ అలాగే తొడుగుతాడు. ఒక్కదానికే జరిగిందంటే ఎవరో కావాలని తిప్పించారు' అన్నాడు."

"చిన్నోడా, బండి పక్కకి తియ్యి."

"ఎందుకు?"

"తియ్యి. చెబుతాను. ఆపాక చెబుతాను."

"ఇప్పుడే చెప్పండి. ఇంకాస్త తొక్కుతున్నాను చూడండి."

"వద్దురా. నేనే. నేనే తిప్పించాను. బొడిపె కట్టింది. నా కిందున్న టైరుకే. నిమ్మకాయంత బొడిపె. బయటికి కనబడుతుందని తిప్పి తొడిగించాను, లోపలి వైపుకి పోయేట్టు. నీ కాళ్లు పట్టుకుంటాను, ఆపు."

"ఎప్పుడు జరిగింది?"

"ముందు ఆపరా."

"ఎప్పుడు?"

"పైపుల కోసం మా వీధి చివర తవ్వారు చూడు, అక్కడ. వాన పడి నిండిపోయింది. మీ అక్క చెబుతూనే ఉంది, అటు వద్దండీ, చుట్టూ తిరిగి పోదాం అని. ప్రతిసారీ చుట్టూ తిరిగేవాణ్ని, ఆ ఒక్క రోజే ఎవడో వెనకనుంచి సన్నటైరాయనా అని అరిచాడు. రోషం వచ్చింది. పోనిచ్చాను. దబ్‌మంది. ఆ చప్పుడు నా పళ్లలోకి పాకింది. ఏమైంది అని మీ అక్క అడిగితే ఏమీ కాలేదు అన్నాను. మర్నాడు చూస్తే బొడిపె."

"కొత్తది వేయించొచ్చుగా."

"ఈ కొలత మా ఊళ్లో దొరకలేదు. తెప్పించాలన్నారు. తెప్పిస్తే మీ అక్కకి తెలుస్తుంది. చెప్పినా వినలేదని తెలుస్తుంది. బతికున్నన్నాళ్లూ ఆ మాట పడాలి. పైగా నాకు దాన్ని చూస్తేనే భయం పట్టుకుంది. అమ్మేద్దామనుకున్నాను. ఎవడో ముక్కూ మొహం తెలీనివాడు కొనుక్కుపోతాడు, నా కళ్ల ముందు ఉండదు, అనుకున్నాను."

"వాడి పెళ్లాం పిల్లలు ఏమైనా పర్లేదా?"

"అనకు. ఆ మాట రాత్రుళ్లు నాకు నేనే అనుకున్నాను. ఈలోగా మీ అక్క నీకు చెప్పింది. బయటివాళ్లకెందుకు, మా తమ్ముడికే ఇద్దాం అంది. మింగలేను, కక్కలేను. రోజూ చెబుదామనుకుంటాను. నువ్వొచ్చి బండి చుట్టూ తిరిగి మురిసిపోతావు, మీ అక్క మా తమ్ముడు మా తమ్ముడు అంటూ పక్కనే ఉంటుంది. నోరు పెగిలేది కాదు. తాళాలిచ్చేప్పుడు కూడా అనుకున్నాను, నువ్వు ఊళ్లోనే తిప్పుతావు, ఈలోగా ఏదో ఒకటి చెప్పి మార్పించొచ్చని. మర్నాడే ఇంత దూరం అంటావనుకోలేదు."

"అందుకేనా పొద్దున్న బస్సులో పోదామని పట్టుబట్టారు."

"మీరిద్దరూ వినలేదు. మీరెక్కితే నేనూ ఎక్కాలి కదా. అందుకే ముందు సీటు నాదన్నాను. పేలితే నా కిందే పేలాలని. ఇంక ఆపరా, అన్నీ చెప్పాను."

"ఆపక్కర్లేదు బావా."

"ఏంటి?"

"ఆపక్కర్లేదు. ఆ టైరు ఇప్పుడు మీ కింద లేదు. పొద్దున్నే తీయించి కొత్తది వేయించాను. ఆయన దగ్గర అదే కొలతది ఒక్కటుంది."

"మార్చేశావా?"

"మార్చకుండా అక్కని ఎక్కిస్తానా? మీరు ఆ టైరు వైపు ఒక్కసారి చూసుంటే మీకే తెలిసేది. కొత్త రబ్బరు నిగనిగలాడుతోంది. మీరు చూడనేలేదు."

"దాని వైపు చూడటానికి ధైర్యం చాల్లేదురా. కళ్లు అటు పోతే పక్కకి తిప్పేసుకున్నాను. ఓరి నీ... మరి ఇందాకట్నుంచీ నన్ను ఎందుకిలా చంపుతున్నావు?"

"మీ నోటితో వినాలని. ఇంటి దగ్గర చెబుతారేమో అని చూశాను. తాళం తిప్పినప్పుడు చెబుతారేమో అని చూశాను. మీరు నీళ్లు నములుతూ కూర్చున్నారు. సొంత బావ. నాకు అక్షరాలు దిద్దించిన మనిషి. నన్నలా పంపిస్తారా? షాపులో ఆ బొడిపె చూసినప్పుడు భయం కన్నా ముందు ఏడుపొచ్చింది నాకు."

"తప్పైపోయిందిరా. ఇంకేమనను. చెప్పుతో కొట్టినా పడతాను."

"లేసులున్న చెప్పులతోనా?"

"నవ్వించకు. కళ్లలో నీళ్లొస్తున్నాయి. ఎంత హాయిగా ఉందో తెలుసా, గుండెల మీంచి రోకలి తీసినట్టుంది. నెల రోజులు తిన్నది ఒంటబట్టలేదు. మీ అక్కకి మాత్రం చెప్పకు."

"చెప్పను. మీరే చెప్పాలి. అమ్మ కట్టు విప్పాక, ఆవిడ ఎదురుగానే చెప్పండి."

"చెబుతాను. ఒట్టు. పోనీరా, ఇంక పోనీ. ఆ పాల వ్యానుని పట్టు. ఇదిగో వంతెన వచ్చింది, ఇక్కడ నున్నగా ఉంటుంది రోడ్డు, తొక్కు. చూడు ఎలా పోతుందో. నేలని పట్టుకుని పోతుందని చెప్పానా లేదా?"

"పోతోంది బావా. నిజంగానే. అబ్బ."

"మరేమనుకున్నావు. అయినా ఆ షాపాయన గట్టివాడే. మా ఊళ్లో దొరకని కొలత ఆయన దగ్గరుందంటే చూడు. అదృష్టం. ఆ రెండోది కూడా ఈ కొలతేగా, అదెక్కడ దొరికింది మరి?"

"ఏ రెండోది?"

"అదే, వెనకది."

"వెనకదేమిటి?"

"ఒరే, వెనక ఎడమది. ముందు చక్రం దేన్లో పడిందో వెనక చక్రమూ దాన్లోనే కదా పడేది. దానికి బొడిపె లోపలి పక్కనే కట్టింది. తిప్పక్కర్లేదు, బయటికి కనబడదు, అలాగే వదిలెయ్యండి అన్నాడు మా ఊరి టైర్లవాడు. నువ్వు... అది మార్చావుగా? ఆయన అన్నీ విప్పి చూసుంటాడుగా?"

"దాని రాత బయటికే ఉంది బావా."

"రాత సరిగ్గానే ఉంటుందిరా. దాన్ని తిప్పలేదు కదా."

"రాత సరిగ్గా ఉందని అది విప్పలేదు. ముందుదొక్కటే మార్చాం."

"కాలు తియ్యి. మెల్లిగా. బ్రేకు తొక్కకు. ఊరికే కాలు తియ్యి."

"తీశాను."

"ఆపడానికి చోటుందా?"

"ఎక్కడుంది? రెండు పక్కలా గోడలే. వెనక లారీ అంటుకునే వస్తోంది. వంతెన దిగాకే."

"ఇంకెంత దూరముంది?"

"చివర కనబడట్లేదు."

"స్టీరింగు గట్టిగా పట్టుకో. పేలినా బ్రేకు తొక్కకు, పక్కకి తిప్పకు. నేరుగా పోనీ, నేరుగా. లారీవాడికి లైట్లు వెయ్యి."

"వేశాను. హారన్ కొడుతున్నాడు."

"కొట్టనీ. ఇందాక వెనక చక్రం దగ్గర కూర్చుని చెయ్యి పెట్టి తడిమానురా. పెరిగింది. ఇదివరకటికన్నా పెరిగింది. అప్పుడైనా చెప్పాల్సింది. నోట్లోంచి లేసు అని వచ్చింది."

"ఇప్పుడు చప్పుడు నాకూ వినిపిస్తోంది బావా."

"నేను ఇందాకట్నుంచీ వింటున్నాను. నువ్వు మార్చేశానన్నాక ఉత్త భయమే అనుకున్నా. మెల్లిగా మాట్లాడు, మీ అక్క లేస్తుంది."

"అక్కని లేపనా? బెల్టు సరిగ్గా ఉందో లేదో."

"వద్దు. లేస్తే కంగారుపడి కదులుతుంది. బరువు అటు పడకూడదు. కుడి పక్కనే ఉంది కదా, అలాగే ఉండనీ. ఎంత చెడ్డవాణ్నైనా ఆ ఒక్కటీ చేశానురా, దాన్ని కుడి పక్కన కూర్చోబెట్టాను. దేవుడా, వంతెన దాకా... చిన్నోడా, ఏం కాదు. అది కుడి పక్కనుంది. ఏం కాదు."

"నేను నిద్రపోలేదండీ. ఎండ కుడివైపే కదా, ఇందాక మీరు చక్రం దగ్గర కూర్చున్నప్పుడే ఇటు ఎడమకి మారిపోయాను. అప్పట్నుంచీ నా కింద ఏదో కొట్టుకుంటూనే ఉంది."